పాత ల్యాప్‌టాప్ కొంటున్నారా.. రేపు అమ్మేటప్పుడు ఎంతొస్తుందో చూశారా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే చాలు, 'తమ్ముడూ, ల్యాప్‌టాప్ కావాలా? ఐ7 ఉంది, పీస్ కొత్తగా ఉంది చూడు' అని నాలుగు వైపుల నుంచీ పిలుపులు వినిపిస్తాయి. అమీర్‌పేటలో కోర్సుకి చేరిన వారం లోపే సగం మంది ఇక్కడికి వస్తారు. జేబులో పన్నెండు వేలో పదిహేను వేలో ఉంటాయి. ఫీజు కట్టగా, హాస్టల్ అడ్వాన్స్ పోగా మిగిలినవి. ఆ డబ్బుకి కొన్న మిషన్ మీదే జావా నేర్చుకోవాలి, ఆన్‌లైన్ టెస్టులు రాయాలి, ఇంటర్వ్యూకి కూర్చోవాలి.

డిగ్రీ అయిపోయాక నేనూ అలాగే కొన్నాను. అమ్మ చీటీ పాడి ఇచ్చిన పద్నాలుగు వేలు పట్టుకెళ్లి, మూత మీద 'ఐ7' స్టిక్కర్ చూసి ముచ్చటపడి తెచ్చుకున్నా. ఏ దుకాణమో ఇప్పుడు అనవసరం. నెల తిరక్కుండానే ఓ కంపెనీ ఆన్‌లైన్ టెస్టు వచ్చింది. మధ్యలో కరెంటు పోయింది. బ్యాటరీ కనీసం అరగంటైనా లాగుతుందనుకున్నా, నాలుగు నిమిషాల్లో స్క్రీన్ నల్లబడింది. ఆ టెస్టు మళ్లీ పెట్టలేదు. ఏడాదిన్నర తర్వాత దాన్ని అమ్మబోతే రెండున్నర వేలన్నారు, అది కూడా 'పార్ట్స్ కోసం తీసుకుంటాం' అని. ఈ కథనం రాయడానికి కారణం అదే.

కొన్న ధర కాదు, నెల ఖర్చు చూడండి

పాత వస్తువు కొనేటప్పుడు మనం అడిగేది ఒక్కటే: ఎంతకిస్తావ్? అడగాల్సింది మరొకటి ఉంది. రెండేళ్లకి ఇది ఎంతకి పోతుంది? కొన్న ధరలోంచి అమ్మిన ధర తీసేసి, మధ్యలో పెట్టిన రిపేర్లు కలిపి, వాడిన నెలలతో భాగిస్తే వచ్చేదే దాని అసలు ధర.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఆరో తరం ప్రాసెసర్ ఉన్నది 11 వేలకి కొన్నారు. బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ మార్చడానికి నాలుగున్నర వేలయింది. రెండేళ్లకి 2 వేలొచ్చాయి. అంటే 24 నెలలకి 13,500, నెలకి 560 రూపాయల పైమాటే. పదకొండో తరంది 22 వేలకి కొని, మంచి బ్యాటరీతో తీసుకుని, రెండేళ్ల తర్వాత 12 వేలకి అమ్మారు. పోయింది 10 వేలు, నెలకి 417. కొత్తది 45 వేలకి కొని 22 వేలకి అమ్మితే నెలకి 958. మొదటి వరుసలో చౌక అనుకున్నది నిజానికి రెండో దానికంటే ఖరీదు. కొత్త వస్తువు విలువ మొదటి ఏడాది రెండేళ్లలోనే ఎక్కువగా పడిపోతుంది. ఆ నష్టం మొదటి ఓనర్ భరించేశాక మనం కొనాలి, విలువ సున్నాకి చేరకముందే అమ్మేయాలి. ఈ మధ్యలో ఉన్న మూడు నాలుగేళ్ల కిటికీయే మనది.

'చేతిలో 22 వేలు ఉంటే కదా' అంటారా? నిజమే. కానీ అప్పు చేసి మరీ ఐదు వేలు ఎక్కువ పెట్టమని నేను చెప్పను. పదిహేను వేలలోనే ఏది పనికొస్తుందో, ఏది రాదో తేడా తెలుసుకుంటే చాలావరకు గట్టెక్కొచ్చు.

ఆ తేడా పేరు 'తరం'

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. వ్యక్తిగతంగా వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది, అంతే. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆపైది, టీపీఎం 2.0 ఉండాలి. ఒకట్రెండు మినహాయింపులు తప్ప ఏడో తరం, అంతకు ముందువి ఈ జాబితాలో లేవు. పాత ల్యాప్‌టాప్ ధరల్ని ఈ ఒక్క గీత రెండుగా చీల్చేసింది. గీతకి కింద ఉన్నవన్నీ ఇప్పుడు కుప్పలుగా మార్కెట్లోకి వస్తున్నాయి. అందుకే అంత చౌక.

తరం కనుక్కోవడం తేలిక. ఐ5 తర్వాత గీత పక్కన ఉన్న అంకె చూడండి. 7200యూ అంటే ఏడో తరం. 8250యూ అంటే ఎనిమిది. 10210యూ అంటే పది, 1135జీ7 అంటే పదకొండు. స్టిక్కర్‌ని నమ్మకండి, దాన్ని అతికించడం రెండు నిమిషాల పని. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అక్కడ అబౌట్ తెరిచి చూడండి. ఏఎండీ రైజెన్ అయితే 4000 సిరీస్ నుంచి చూసుకుంటే బెంగ లేదు.

ఇక 'ఐ7' మాయ. ఆరో తరం ఐ7-6600యూలో ఉన్నవి రెండు కోర్లు. ఎనిమిదో తరం ఐ5-8250యూలో నాలుగు. పేరులో ఏడు ఉందని మొదటిదానికి రెండు వేలు ఎక్కువ పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను పెట్టలేదా మరి!

'విండోస్ 11 వేసే ఇస్తున్నాం కదా అన్నా' అని దుకాణంలో అంటారు. నిజమే, వేస్తారు. అర్హత లేని మిషన్లలో కూడా తనిఖీని తప్పించి వేసే దారులున్నాయి. అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. కాబట్టి స్క్రీన్ మీద విండోస్ 11 కనిపించడం కాదు, ప్రాసెసర్ నంబరే సాక్ష్యం.

ఎనిమిదో తరం విషయంలో ఒక మాట. వాడుకోవడానికి అది ఇవాళ్టికీ బంగారం లాంటిదే. కానీ అర్హతల జాబితాలో అట్టడుగు మెట్టు అదే. రేపు గీత మళ్లీ పైకి జరిగితే ముందు జారిపడేదీ అదే. రెండేళ్లలో అమ్ముదామనుకుంటే, రెండు మూడు వేల తేడాలో దొరికితే పది, పదకొండో తరాల వైపు వెళ్లడమే నా సలహా.

కంపెనీలు వదిలేసినవే మేలు

ఇళ్లలో వాడిన తళుకు మోడళ్ల కన్నా ఆఫీసుల్లో వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ రకాలు మంచివి. కంపెనీలు లీజు గడువు తీరగానే వీటిని గుత్తగా వదిలించుకుంటాయి. విడిభాగాలు దొరుకుతాయి, విప్పడం తేలిక, కీబోర్డు గట్టిది. థింక్‌ప్యాడ్ టీ480 లాంటి దాంట్లో ర్యామ్‌కి రెండు స్లాట్లు, బయటకు తీయగలిగే బ్యాటరీ ఉంటాయి. బాగా పల్చటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. 8 జీబీతో కొంటే చచ్చేదాకా 8 జీబీయే. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోయాయి. 'తర్వాత వేయించుకుందాంలే' అనుకోకుండా 16 జీబీ ఉన్నదే వెతకండి. అమ్మేటప్పుడూ ఆ ర్యామే ధర నిలబెడుతుంది.

ఈ కంపెనీ మిషన్లతో ఒక గండం కూడా ఉంది. లాక్. థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కి బయాస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో లేచి వచ్చేయండి. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పోతే బోర్డు మార్చడమే మార్గమని కంపెనీయే చెబుతుంది. రెండోది, దుకాణంలోనే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. సెటప్ మధ్యలో ఏదో కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వచ్చిందంటే అది ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే ఉన్నట్టు. 'అది మేం తీసేస్తాం' అంటారు. తీసేశాకే డబ్బివ్వండి. మనం పట్టించుకోకపోయినా మన దగ్గర కొనేవాడు పట్టించుకుంటాడు.

బ్యాటరీ సంగతి మాటల్లో తేలదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50 వేలు ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 20 వేలే ఉంటే సగం కూడా మిగల్లేదన్నమాట. ఆ కాగితం చూపించి బేరమాడండి. మాటకి తగ్గనివాళ్లు అంకెకి తగ్గుతారు. వెబ్‌క్యామ్, మైక్‌తో అక్కడే ఓ ఫ్రెండ్‌కి వీడియో కాల్ చేయండి. ఇంటర్వ్యూ రోజున తెలిస్తే లాభం లేదు. కీబోర్డులో ప్రతి కీ నొక్కాలి, స్క్రీన్‌ని పూర్తి తెలుపు చేసి మచ్చలు చూడాలి. 'చెకింగ్ వారంటీ' ఎన్ని రోజులో నోటితో కాదు, బిల్లు మీద రాయించుకోండి.

బిల్లు లేకుండా మాత్రం వద్దు

పోయిన ఫోన్‌ని ఐఎంఈఐతో సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్‌కి ఆ వెసులుబాటు లేదు. హాస్టల్ గేటు దగ్గర ఎవరో ఏడు వేలకి ఇస్తానంటే అది ఎక్కడిదో మీకు తెలిసే దారే ఉండదు. దొంగ సొత్తని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద కేసవుతుంది. ఉద్యోగంలో చేరేముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుందని గుర్తుంది కదా! అడుగున ఉన్న సీరియల్ నంబరు, బయాస్‌లోని నంబరు, బిల్లులోని నంబరు మూడూ ఒకటే కావాలి.

మ్యాక్‌బుక్ మోజున్న వాళ్లకి రెండు మాటలు. ఇంటెల్ చిప్ ఉన్న పాత మ్యాక్‌లు ఇప్పుడు చౌకే. కానీ మ్యాక్‌ఓఎస్ టాహోయే ఇంటెల్ మ్యాక్‌లకి చివరి వెర్షన్ అని 2025లో యాపిల్ ప్రకటించింది. కొంటే 2020 చివర్లో వచ్చిన ఎం1 నుంచి కొనండి, పాత ఓనర్ యాపిల్ ఐడీ తీసేశాడో లేదో చూడండి. ఇక ఏడో తరం మిషన్ ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు దిగులు పడక్కర్లేదు. లినక్స్ వేసుకుంటే పైథాన్, వెబ్ డెవలప్‌మెంట్ హాయిగా నేర్చుకోవచ్చు. కాకపోతే కెమెరా నిఘాతో జరిగే చాలా పరీక్షల బ్రౌజర్లు విండోస్, మ్యాక్‌లకే ఉంటాయి. టెస్టు రోజుకి ఫ్రెండ్ ల్యాప్‌టాప్ ముందే మాట్లాడి పెట్టుకోండి.

అమ్మే రోజు

మంచి ధర రావాలంటే అమ్మకం కొన్న రోజే మొదలవుతుంది. బిల్లు ఫొటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి. ఒరిజినల్ ఛార్జర్ పోగొట్టకండి, అది లేకపోతే కొనేవాడు ముందు దాని ధర కోస్తాడు. మూత మీద స్టిక్కర్లు అతికించే సరదా ఉంటే కవర్ వేసి దాని మీద అతికించండి. ఇంజినీరింగ్ ఫస్టియర్ పిల్లలు చేరే జులై, ఆగస్టుల్లో అడిగేవాళ్లు ఎక్కువ. కాలేజీ వాట్సాప్ గ్రూపులో జూనియర్‌కి అమ్మితే దుకాణం మార్జిన్ మీ ఇద్దరికీ మిగులుతుంది. బ్యాటరీ రిపోర్టు మీరే ముందు చూపించండి, బేరం సగం తగ్గుతుంది.

ఇచ్చే ముందు మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ఆ మిషన్‌ని తొలగించండి. తర్వాత రీసెట్‌లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, ఛేంజ్ సెట్టింగ్స్‌లో 'క్లీన్ డేటా' ఆన్ చేయాలి. దానికి గంటలు పడుతుంది, కాబట్టి ముందు రోజు రాత్రే పెట్టండి. మార్కులిస్టులు, ఆధార్ స్కాన్‌లు, రెజ్యూమెలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చూసుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం మాత్రం అంతకన్నా ముందే.