పిల్లి ఒంటి మీద గెంతే పేలు: తేలిగ్గా తీసుకుంటే ప్రాణం మీదికే

తెరుబలిలో మన తెలుగు ఇళ్లకు పిల్లి కొత్త కాదు. బియ్యం బస్తా ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట పిల్లిని ఎవరూ తరమరు. సంఘం గదిలో పాత రిజిస్టర్లను ఎలుకలు కొరికేస్తున్నాయని మేమూ ఒక పిల్లిని చేరదీశాం.

కిందటి వానాకాలంలో అది బీరువా వెనక నాలుగు కూనల్ని పెట్టింది. మూడు వారాలు తిరిగేసరికి రెండు పోయాయి. చలికి పోయాయన్నారు ఒకరు, దిష్టి అన్నారు ఇంకొకరు. మిగిలిన రెండింటినీ అట్టపెట్టెలో పెట్టి పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందుగా పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. గులాబీ రంగులో ఉండాల్సినవి సున్నం కొట్టినట్టున్నాయి. "రక్తం లేదండీ, పేలు తాగేశాయి" అన్నారు.

ఇవి మన తల పేలు కావు, పశువులకు పట్టే పిడుదులూ కావు. ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. నువ్వుగింజకన్నా చిన్నవి, గోధుమ రంగువి. రెక్కలు లేవు గానీ గెంతడంలో ఘనులు. ఒక్కో పురుగు తాగేది చాలా కొంచెమే. కానీ అరచేతిలో పట్టే కూన ఒంట్లో ఉన్న రక్తమెంత? వందల పురుగులు పడితే కొద్ది రోజుల్లోనే నీరసించి పోతుంది.

పెద్ద పిల్లికి బాధ వేరు. కొన్నింటికి ఈ పురుగు లాలాజలమే పడదు. నాలుగు కాట్లు చాలు, నడుము దగ్గర, తోక మొదట్లో బొచ్చు ఊడేదాకా నాకుతుంది, మెడ మీద చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. నాకినప్పుడు పురుగును మింగితే దాని కడుపులోని బద్దెపురుగు పిల్లి పేగుల్లో చేరుతుంది. తోక కింద అన్నం మెతుకుల్లాంటివి కనిపిస్తే అవి ఆ బద్దెపురుగు ముక్కలే. నేల మీద పాకే పసిపిల్లలు పొరపాటున ఆ పురుగును మింగినా ఇదే జరుగుతుంది.

పట్టుకోవడం సులువే. పేల దువ్వెనతో, అదే మన పెద్దల ఈర్పెనతో, దువ్వి రాలిన నల్లటి నలుసుల్ని తడి తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగా మరక దిగితే అది పురుగు విసర్జించిన రక్తం. మట్టి అయితే ఎర్రబడదు.

ఇక మా తప్పు చెప్పాలి. కూనల సంగతి తెలిశాక, డాక్టరు గారి మందు తెచ్చేలోపే, మాలో ఒకరు తమ కుక్కకు వాడే చుక్కల మందు తెచ్చి తల్లి పిల్లి మెడ మీద వేశారు. మంచికే అనుకున్నాం. సాయంత్రానికి చొంగ కారుస్తూ వణికిపోయింది. అందులో ఉన్నది పెర్మెత్రిన్. కుక్క దాన్ని తట్టుకుంటుంది, పిల్లి కాలేయం తట్టుకోలేదు. సబ్బునీళ్లతో కడిగి ఆస్పత్రికి పరుగెత్తాం కాబట్టి దక్కింది. ఫినాయిలు, కిరోసిన్, కర్పూరం కూడా పిల్లి ఒంటికి తగలనీయకండి. ఒంటికి రాసిందల్లా అది నాకుతుంది.

పిల్లులకని రాసి ఉన్న ఫిప్రోనిల్ లాంటి మందును బరువును బట్టి డాక్టరు చెప్పినట్టే వేయాలి. రెండు నెలలు నిండని కూనలకు చాలా మందులు పనికిరావు. వాటిని దువ్వి, దువ్వెనను సబ్బునీళ్లలో ముంచడమే దారి. ఇంట్లో ఎన్ని పిల్లులూ కుక్కలూ ఉంటే అన్నింటికీ ఒకేసారి, దేని మందు దానికి వేయాలి.

అంతటితో అయిపోదు. పిల్లి ఒంటి మీద కనిపించేవి కొన్నే. ఆడపురుగు రోజుకు పదుల కొద్దీ పెట్టే గుడ్లు రాలి పక్కబట్టల్లో, గచ్చు పగుళ్లలో, చాపల కింద పడతాయి. గూడు కట్టుకున్న పురుగు నెలల తరబడి కదలకుండా ఉండి, అడుగుల చప్పుడుకి బయటికొస్తుంది. వానాకాలపు చెమ్మ వాటికి బాగా అచ్చివస్తుంది. అందుకే మందు ఒక్క నెల వేసి మానేయకూడదు, కనీసం మూడు నెలలు వేయాలన్నారు డాక్టరు గారు.

మేం సంఘం జంబుఖానాలను వేణ్ణీళ్లలో ఉతికించి మూడుసార్లు ఎండలో వేశాం, బీరువా జరిపి మూలమూలా ఊడ్పించాం. మీటింగుకొచ్చిన వాళ్ల కాళ్ల మీద దద్దుర్లు అప్పుడు తగ్గాయి. అన్నాళ్లూ దోమలనుకుని చుట్టలు వెలిగించాం.