రూటర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో అట్రాసిటీ కేసుల వెంట తిరిగే కార్యకర్తల ఇళ్లలోకి పోతే గోడమీద బాబాసాహెబ్ ఫోటో ఉంటుంది. ఇప్పుడు ఆ పక్కనే మేకుకు వేలాడే ఒక తెల్ల డబ్బా, దాని మీద మిణుకుమనే పచ్చ లైట్లు కూడా కనిపిస్తాయి. ఆ డబ్బాకు పాస్‌వర్డ్ ఎవరు పెట్టారని అడగండి. "కేబుల్ ఆయనే పెట్టిండు" అంటారు. మీరు మార్చారా అంటే ఎదురు ప్రశ్న వస్తుంది: "అది మనం మార్చొచ్చా అన్నా?"

మార్చొచ్చు. మార్చకపోతే ఏమవుతుందో ముందు చూద్దాం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. 2015 సవరణతో అందులో 15ఎ సెక్షన్ చేరింది. బాధితులకు, సాక్షులకు బెదిరింపుల నుంచి రక్షణ కల్పించాలని అది చెబుతుంది. అవసరమైతే సాక్షుల పేర్లు, చిరునామాలు బయటికి రాకుండా ప్రత్యేక కోర్టు ఆదేశాలు ఇవ్వవచ్చు. కోర్టు దాచిన ఆ చిరునామాలు, బాధితురాలి వాంగ్మూలం, ఎవరో భయపడుతూ తీసిన వీడియో మన దగ్గర ఎక్కడ ఉంటాయి? ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో. అవి రెండూ ఆ తెల్ల డబ్బా గుండానే బయటి ప్రపంచంతో మాట్లాడతాయి. ఊళ్లో ముద్దాయి బంధువే కేబుల్ ఆపరేటర్ అయితే? లేదా ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు ముద్దాయి దోస్తు అయితే? చిన్న ఊళ్లలో ఇది ఊహించలేని సంగతేమీ కాదు.

అట్లని లేని భయం కూడా పెట్టుకోవద్దు. రూటర్ లోపలికి వెళ్లగలిగినవాడు మీ వాట్సాప్ మెసేజీలు చదవలేడు. అవి ఫోన్‌లోనే తాళం పడి బయటికి వెళ్తాయి. అడ్రసు మొదట్లో తాళం గుర్తు ఉన్న సైట్లలో మీరు ఏ పేజీ చూశారో, ఏం రాశారో కూడా అతనికి తెలియదు. కానీ మీ ఇంట్లో ఏయే ఫోన్లు, కంప్యూటర్లు ఉన్నాయో, ఎన్ని గంటలకు నెట్‌కు తగులుకున్నాయో, సాధారణంగా ఏ సైట్ల పేర్లు తెరిచాయో తెలుసుకోగలడు. మీటింగ్ రోజున కొత్తగా ఎన్ని ఫోన్లు చేరాయో లెక్కపెట్టగలడు. కావాలంటే నెట్ ఆపగలడు. దొంగ పేజీలకు దారి మళ్లించే సెట్టింగు కూడా పెట్టగలడు. ఒక కేసును చెడగొట్టడానికి ఈ మాత్రం చాలు.

మొదట ఒక గందరగోళం తీరాలి. రూటర్‌కు రెండు పాస్‌వర్డులు ఉంటాయి. ఒకటి వై-ఫై పాస్‌వర్డ్, చుట్టం వస్తే చెప్పేది. రెండోది అడ్మిన్ పాస్‌వర్డ్, రూటర్ సెట్టింగులు తెరిచేది. మనలో చాలామంది మొదటిది మార్చి రెండోదాన్ని అట్లే వదిలేస్తారు. ఇంటి గేటుకు కొత్త తాళం వేసి, బీరువా తాళంచెవి బజార్లో పెట్టినట్టు.

అడ్మిన్ పేజీకి పోవాలంటే ఇంటి వై-ఫైకి కలిసిన ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, పైన 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టాలి. సరైన అంకెలు, మొదటి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. చాలా పాత మోడళ్లలో రెండూ "అడ్మిన్" అనే మాటే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతా లక్షల కెమెరాలను, రూటర్లను పట్టుకుంది. అది చేసిందల్లా ఇట్లాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డుల జాబితా ఒకటి పెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టి చూడటమే. మన దగ్గర కూడా 2017 జూలైలో బిఎస్ఎన్ఎల్ మోడెమ్‌ల మీద మాల్‌వేర్ దాడి జరిగినప్పుడు, డిఫాల్ట్ పాస్‌వర్డులు మార్చుకోమని ఆ సంస్థ వినియోగదారులకు చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. రెండో పని "రిమోట్ మేనేజ్‌మెంట్" అనే దాన్ని వెతికి ఆపడం. అది ఆన్‌లో ఉంటే ఇంటి బయట నుంచి, ఇంకో ఊరి నుంచి కూడా మీ రూటర్ పేజీ తెరవడానికి వీలుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫైబర్ కనెక్షన్‌తో కంపెనీ ఇచ్చే డబ్బాలకు ఇంకో దారి కూడా ఉంటుంది. టిఆర్-069 అనే పద్ధతిలో కంపెనీ తన ఆఫీసు నుంచే సెట్టింగులు మార్చగలదు. రిపేరు కోసం పెట్టుకున్న ఏర్పాటే, తప్పేమీ కాదు. కానీ 2016 నవంబర్‌లో జర్మనీలో సుమారు 9 లక్షల కనెక్షన్లు ఒక్కసారిగా ఆగిపోయింది ఈ తరహా తలుపు మీద జరిగిన దాడివల్లే. మీకు ఇచ్చిన లాగిన్‌లో ఈ సెట్టింగు చాలాసార్లు కనిపించదు. పెద్ద లాగిన్ కంపెనీ దగ్గరే ఉంటుంది. దీనికి నాకు తెలిసిన సులువైన మార్గం ఒక్కటే: మీ సొంతంగా ఒక చిన్న రూటర్ కొని కంపెనీ డబ్బాకు కేబుల్‌తో కలపడం, డబ్బా వై-ఫైని ఆపేసి ఇంట్లో ఫోన్లన్నీ మీ రూటర్‌కే కలుపుకోవడం. అప్పుడు కంపెనీ డబ్బాలోకి ఎవరు వచ్చినా వాళ్లకు మీ రూటర్ ఒక్కటే కనిపిస్తుంది, దాని వెనక ఉన్నవి కనిపించవు. సంఘం ఆఫీసులో నలుగురూ చందా వేసుకుని అయినా కొనదగ్గ వస్తువు ఇది.

ఒక హెచ్చరిక. రూటర్ వెనక చిన్న రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. తొందరపడి నొక్కకండి. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఆపరేటర్ ఇచ్చిన పిపిపిఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కొన్నిచోట్ల విల్యాన్ నంబర్ ఉంటాయి. రీసెట్ చేస్తే అన్నీ పోతాయి. మళ్లీ ఆ ఆపరేటర్‌నే ఇంటికి పిలవాలి, పిలిచామంటే తాళంచెవి మళ్లీ ఆయన చేతికి పోయినట్టే. నేను ఒకసారి అట్లే నొక్కి ఒక విద్యార్థి ఆన్‌లైన్ పరీక్ష ముందు రోజు వాళ్లింట్లో నెట్ పోగొట్టాను. ఆ తిట్లు ఇంకా గుర్తున్నాయి. ముందు ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి.

వై-ఫై పాస్‌వర్డ్ సంగతి. మన వాడల్లో ఊహించడం చాలా తేలిక: జైభీమ్, పక్కన 1891, లేదా ఇంటాయన ఫోన్ నంబర్. దగ్గర్లో నిలబడి మీ సిగ్నల్‌ను ఒకసారి రికార్డు చేసుకున్నవాడు ఇంటికి పోయి తీరిగ్గా అంచనాలు వేసుకోవచ్చు. పది అంకెల ఫోన్ నంబర్ కనిపెట్టడం మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కు గంటల్లో అయ్యే పని. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. గొంగడి, రైలు, చింతపండు, పలక వంటివి. (ఇవే పెట్టకండి, ఇప్పుడు అందరూ చదివారు.) సెక్యూరిటీ రకం డబ్ల్యుపిఎ2 లేదా డబ్ల్యుపిఎ3 ఉండాలి. డబ్ల్యుపిఎస్ అనేది ఆపేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ను రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి పది కోట్ల ప్రయత్నాలు అక్కర్లేదు, 11,000 చాలని 2011లోనే బయటపడింది. యుపిఎన్‌పి కూడా ఆపేయండి, ఆటలు ఆడే పిల్లలు కొంచెం గొణుగుతారు, అంతే.

ఇక పంచుకోవడం. ఒక ఇంట్లో కనెక్షన్ ఉంటే చుట్టుపక్కల చదువుకునే పిల్లలందరూ వాడుకోవడం మన వాడలో సహజం. అది ఆగాలని నేను అనను. కానీ బిల్లు ఎవరి పేరున ఉంటే పోలీసులు వాళ్ల తలుపే తడతారు. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన ఈ-మెయిల్ ఆనవాళ్లు నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉండే ఫ్లాటుకు దారితీశాయి. అతని వై-ఫైకి తాళం లేదు, ఇంకెవరో వాడుకున్నారు. అతన్ని పదే పదే ప్రశ్నించారు. కొన్ని వారాలకు అతను విమానం ఎక్కి తన దేశం పోయాడు. అదే మన వాడలో డిగ్రీ పిల్లగాడి ఇంటికి వస్తే ఎక్కడికి పోతాడు?

దీనికి రూటర్‌లోనే "గెస్ట్ నెట్‌వర్క్" అనే ఏర్పాటు ఉంది. వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. పిల్లలకు, మీటింగ్‌కు వచ్చినవాళ్లకు అది ఇవ్వండి. గెస్టులు ఒకరి ఫోన్‌ను ఒకరు, మీ ల్యాప్‌టాప్‌ను చూడకుండా అడ్డుకునే "ఐసోలేషన్" గుర్తు టిక్ చేయండి. నెలకోసారి పాస్‌వర్డ్ మార్చండి. కేసు కాగితాలున్న ల్యాప్‌టాప్ మాత్రం అసలు నెట్‌వర్క్‌లోనే ఉండాలి. అయితే బయటికి రెండూ ఒకే కనెక్షన్‌గా కనిపిస్తాయి, గెస్టు చేసిన పనికి కూడా మీ పేరే వస్తుంది. అందుకే ఎవరికిచ్చామో తెలిసి ఇవ్వాలి, తాళం లేకుండా వదలొద్దు.

చివరిది డిఎన్ఎస్. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే చిట్టా అది. మామూలుగా ఆపరేటర్ చిట్టాయే వాడతాం. రూటర్‌లో దాన్ని 9.9.9.9, రెండోదిగా 149.112.112.112 అని మారిస్తే తెలిసిన మాల్‌వేర్ చిరునామాలు కొన్ని తెరుచుకోవు. కానీ ఈ మార్పుతోనే రహస్యం రాదు, ఆ ప్రశ్నలు ఆపరేటర్ తీగ మీదుగా బాహాటంగానే పోతాయి. ఆండ్రాయిడ్ 9 తర్వాతి ఫోన్లలో "ప్రైవేట్ డిఎన్ఎస్" సెట్టింగులో డిఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్ అని రాస్తే ఆ ప్రశ్నలకు కూడా తాళం పడుతుంది. అప్పటికీ సైటు పేరు బయటపడే ఇంకో దారి మిగిలే ఉంటుంది.

ఇన్ని చేసినా రూటర్ ఆపలేనిది ఒకటుంది. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. 2016 జూన్ 13న వచ్చిన ఒక ఈ-మెయిల్ ఫైలు తెరవడంతో నెట్‌వైర్ అనే మాల్‌వేర్ అందులో చేరిందని, దాని ద్వారా ఉత్తరాలు చొప్పించారని అందులో ఉంది. ఎన్ఐఏ దీన్ని ఒప్పుకోలేదు. ఆ మెయిల్ వచ్చింది వరవరరావు ఖాతా నుంచి. అంటే మన జనగామ జిల్లా చినపెండ్యాలలో పుట్టిన, అందరం ఎరిగిన మనిషి పేరు మీద, ఆయన ఖాతాను వాడుతున్న మరెవరో పంపినది. తెలిసిన పేరు చూసి ఎవరైనా తెరుస్తారు. ఆ తలుపు లోపల నుంచి మనమే తీస్తాం కనుక గోడమీది డబ్బాకు అడ్డుకునే వీలు తక్కువ. అందుకే ఫైలు వస్తే ముందు పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగాలి. సాక్షుల చిరునామాలు మాత్రం నెట్ ముఖం చూడని పెన్‌డ్రైవ్‌లో, దానికి కూడా పాస్‌వర్డ్ పెట్టి దాచాలి.