మరపు నిజమా, నటనమా?

"పాఠము మరచిపోయితినండీ" అని తరగతిలో ఎవరైన పలికినచో అది నిజమో, సాకో తెలియుట కష్టము. హత్యానేరము మోపబడినవాడే అట్లు పలికినచో న్యాయస్థాన మేమి చేయవలెను?

1959 జూలై 13వ తేదీన లండనులో రేమండ్ పర్డీ అను పోలీసు అధికారి కాల్చి చంపబడెను. మూడు దినములకు గుంథర్ పొడోలా అనునతడు హోటలు గదిలో పట్టుబడెను. పోలీసులు తలుపు పగులగొట్టి ప్రవేశించినప్పుడు అతనికి గాయములైనవి. అటుపిమ్మట తన గతము జ్ఞాపకము లేదని అతడు చెప్పెను.

తలకు దెబ్బ తగిలినవారు ఆ సమయమున జరిగినదానిని మరచుట కలదు. జీవితమంతయు మరచుట అరుదు. అందుచే హత్యావిచారణకు పూర్వమే, ఈ మరపును తేల్చుటకు ప్రత్యేకముగా ఒక జ్యూరీని నియమించిరి. వైద్యులలో నలుగురు నిజమనిరి, ఇద్దరు నటన యనిరి. జ్యూరీ తలలు లెక్కింపలేదు. చెరసాలకు వచ్చిన యొక కార్డునకు పొడోలా పాత స్నేహితునికి వలె చనువుగా జవాబు వ్రాసియుండెను. గతము మరచినవానికి ఆ చను వెక్కడిదని ప్రభుత్వపక్షము ప్రశ్నించెను. మరపు నిజము కాదని జ్యూరీ నిర్ణయించెను.

వేరొక జ్యూరీ అతనిని దోషి యనెను. మరపు నిజమైనను, స్వస్థబుద్ధి గలవానికి విచారణ తప్పదని అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. నవంబరు 5న అతనిని ఉరితీసిరి.

విద్యార్థులారా! మాటను నడతతో పోల్చి చూచుటయే పరీక్షామార్గము. అయినను పరుల మనస్సులోనికి మనము తొంగిచూడలేము. ఉరి తీసిన పిమ్మట తీర్పును దిద్దుటయు సాధ్యము కాదు. కావున నమ్ముటకును, నమ్మకుండుటకును తొందరపడరాదని మేము తలంతుము.