గడిలో దాగిన సూత్రం

మా గోదావరిఖనిలో బొగ్గుగనిని 'బాయి' అంటారు. బాయిలో పనికి దిగిన ప్రతి రోజుకూ కార్మికునికి ఒక మస్టరు పడుతుంది. మస్టరు అంటే హాజరు. మీ నాన్నగారో మామయ్యో వేళ్ళమీద మస్టర్లు లెక్కపెట్టుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు. ఎందుకా లెక్క? భూమి లోపల పనిచేసేవారికి ఏడాదికి 190 హాజర్లు, పైన పనిచేసేవారికి 240 హాజర్లు ఉండాలని 1952 నాటి గనుల చట్టం ఒక హద్దు పెట్టింది. అవి నిండితేనే జీతంతో కూడిన సెలవు. దశాబ్దాలపాటు ఈ హద్దే నడిచింది. 189 దగ్గర ఆగిపోయిన మనిషి బాధ ఎలా ఉంటుందో ఊహించండి!

ఈ లెక్కనే కంప్యూటరులో వేసి చూద్దాం. దీనికి వాడే పట్టికను స్ప్రెడ్‌షీట్ అంటారు. ఎక్సెల్ లేకపోయినా ఫరవాలేదు, లిబ్రే ఆఫీస్ కాల్క్ అనేది ఉచితంగానే దొరుకుతుంది. తెరవగానే గళ్ళనోటు పుస్తకం వంటి పుట కనబడుతుంది. నిలువు వరుసలకు ఎ, బి, సి అని అక్షరాలు, అడ్డు వరుసలకు 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. బి వరుసలో రెండవ గడి పేరు బి2. ప్రతి గడికీ ఇలా ఒక చిరునామా ఉంటుంది.

ఎ1లో 'నెల' అనీ, బి1లో 'మస్టర్లు' అనీ రాయండి. ఎ2 నుంచి ఎ13 వరకు జనవరి మొదలు డిసెంబరు దాకా నెలల పేర్లు. వాటి పక్కన బి వరుసలో 17, 15, 18, 16, 14, 13, 16, 17, 18, 15, 17, 16 వేయండి. ఇప్పుడు బి14లో =సమ్(బి2:బి13) అని, కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టి, ఎంటర్ నొక్కండి. 192 వస్తుంది.

ఇంతేనా, కాలిక్యులేటరు కూడా చేస్తుంది కదా అంటారేమో. ఆగండి. జూలైలో 16 కాదు, 18 అని తరువాత తెలిసింది. ఆ ఒక్క గడి దిద్దండి. మొత్తం తానే 194 అవుతుంది. ఎందుకంటే బి14లో ఉన్నది 192 అనే అంకె కాదు, 'పై పన్నెండు గళ్ళనూ కూడు' అనే సూత్రం. మనకు కనబడేది జవాబు, గడి దాచుకున్నది సూత్రం. ఆ గడిమీద క్లిక్ చేస్తే పైనున్న పట్టీలో సూత్రం బయటపడుతుంది.

ఈ ఆలోచన ఒక విద్యార్థిదే. 1978లో అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలులో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, నల్లబల్లమీద లెక్కల పట్టిక వేస్తున్న అధ్యాపకుణ్ణి గమనించాడు. ఒక అంకె తప్పయితే దాని మీద ఆధారపడిన అంకెలన్నీ చెరిపి మళ్ళీ రాయవలసి వచ్చేది. (మేము ఉపాధ్యాయులం ఆ సుద్దపొడి చాలానే మింగాము.) మరుసటి ఏడు, 1979లో, బ్రిక్లిన్ తన మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆపిల్ 2 కంప్యూటరుకు విసికాల్క్ అనే ప్రోగ్రామును తెచ్చాడు. నేటి స్ప్రెడ్‌షీట్లకు అదే మూలం.

అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. నవంబరు చివరనే పట్టిక వేసి, బి13లో =సమ్(బి2:బి12) అని మొత్తం పెట్టారనుకోండి. డిసెంబరు గడిచాక మొత్తానికి సరిగ్గా పైన కొత్త వరుస చేర్చి 16 వేశారు. సూత్రం మాత్రం ఇంకా బి12 దగ్గరే ఆగి ఉండవచ్చు! కొన్నిసార్లు ప్రోగ్రాము తానే పొడిగిస్తుంది, కొన్నిసార్లు పొడిగించదు. పొడిగించకపోతే మొత్తం 178 అని చూపుతుంది. పన్నెండు నెలలూ కళ్ళెదుటే ఉంటాయి, ఎర్రగీత ఏదీ పడదు, కాగితం మీద మాత్రం ఒక మనిషి సెలవు ఎగిరిపోతుంది.

పెద్దవాళ్ళు ఇలాంటి పొరపాటు చేయరనుకోకండి. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగోఫ్ అనే పేరుపొందిన ఆర్థికవేత్తలు, అప్పులు బాగా పెరిగిన దేశాల అభివృద్ధి ఎలా ఉంటుందో లెక్కగట్టారు. ప్రభుత్వ ఖర్చు తగ్గించాలని వాదించిన నాయకులు ఆ ఫలితాన్ని చూపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, తరగతిలో ఇచ్చిన పనికోసం ఆ లెక్కను మళ్ళీ చేయబోతే జవాబు కలవలేదు. వారినే అడిగి స్ప్రెడ్‌షీట్ తెప్పించుకొని చూశాడు. సగటు సూత్రం 20 దేశాల వరుసలో 15 దగ్గరే ఆగిపోయింది! ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయట ఉండిపోయాయి. తేడా అంతా దీనివల్లే రాలేదు, లెక్కించిన పద్ధతిపైన కూడా వాదాలు జరిగాయి. కాని స్ప్రెడ్‌షీట్‌లో పొరపాటు నిజమేనని ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు.

నేనూ ఒక ఏడాది మార్కుల పట్టికలో ప్రాక్టికల్స్ వరుసను కూడిక బయట వదిలేశాను. ఒక అమ్మాయి వచ్చి "సార్, నా మొత్తం తక్కువొచ్చింది" అనేదాకా నాకు తెలియలేదు.

ఇంకొక పొరపాటు. గడిలో 17 అనడానికి బదులు '17 రోజులు' అని కొడితే, కంప్యూటరు దానిని మాటగా తీసుకొని కూడికలో వదిలేస్తుంది. అంకె మామూలుగా గడిలో కుడివైపుకు జరుగుతుంది, మాట ఎడమవైపున నిలుస్తుంది. ఎడమన నిలిచిన అంకెను అనుమానించండి.

మొత్తం పక్కన, సి14లో, =కౌంట్(బి2:బి13) అని కొట్టండి. అంకెలున్న గళ్ళు ఎన్నో అది చెబుతుంది. మీ మొత్తం సూత్రంలో ఏ చిరునామాలు ఉన్నాయో ఇక్కడా అవే వేయాలి సుమా. 12 వస్తే అన్ని నెలలూ లెక్కలోకి వచ్చినట్టే. 11 వచ్చిందంటే మాత్రం మీ నాన్నగారికి కాగితం ఇవ్వకండి. ఏ నెల తప్పిపోయిందో ముందు వెతకండి.