ఫాక్‌లాండ్ రోడ్డు కింద పోటు నీళ్లు

వానాకాలానికి ముందు ముంబై మున్సిపల్ కార్పొరేషన్ ఏటా ఒక జాబితా విడుదల చేస్తుంది. ఏ రోజున, ఎన్ని గంటలకు సముద్రం నాలుగున్నర మీటర్లకు మించి పోటెత్తుతుందో అందులో ఉంటుంది. సరిగ్గా ఆ గంటల్లో పెద్ద వాన పడకూడదని నగరమంతా కోరుకుంటుంది. ఫాక్‌లాండ్ రోడ్డు, కామాటిపురా గల్లీల్లో కింది గదుల్లో కాపురముండే తెలుగు కుటుంబాలకు ఆ కోరిక ఇంకా గట్టిది. అక్కడి నుంచి సముద్రం కనిపించదు. పడమట హాజీ అలీ, తూర్పున మజ్‌గావ్ రేవు, ఎటు చూసినా రెండు కిలోమీటర్లు అటూ ఇటూ. అయినా వాన, పోటు కలిసొచ్చిన రోజున గటర్ మూతల సందుల్లోంచి నల్లటి నీళ్లు ఉబికి వస్తాయి. గడప దాటేలోపు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టాలి, బియ్యం డబ్బా అటక మీదికి చేర్చాలి, మెట్ల కింద కరెంటు మీటర్లున్న వరస గదుల చాల్‌లో మెయిన్ ఆపెయ్యాలి.

ఆ నేల పుట్టుక తెలిస్తే ఇందులో వింతేమీ లేదు.

బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. వర్లీకీ మహాలక్ష్మికీ మధ్యనున్న గండిలోంచి పోటు వేళ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి మధ్యనున్న పల్లాన్నంతా ముంచేది. గవర్నర్ విలియం హార్న్‌బీ హయాంలో తలపెట్టి, 1784 ప్రాంతంలో పూర్తిచేసిన కట్ట ఆ గండిని మూసింది. హార్న్‌బీ వెల్లార్డ్ అంటారు దాన్ని. మహాలక్ష్మి నుంచి కామాటిపురా దాకా ఉన్న బురద నేల మనుషులు ఉండటానికి వీలైంది ఆ కట్ట వల్లే. నిజాం ఏలుబడిలోని తెలుగు పల్లెల నుంచి కూలి పనులకు వచ్చిన కామాటీలు అక్కడ దిగారు. పునాదులు తవ్వి, రాళ్లు మోసి, పల్లం పూడ్చి నగరాన్ని పైకి లేపిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి. 1848 నుంచి 1853 దాకా గవర్నరుగా ఉన్న ఫాక్‌లాండ్ ప్రభువు పేరు రోడ్డుకు పెట్టారు. ఇప్పుడు అధికారికంగా అది పఠే బాపూరావ్ మార్గ్. పేటకు మాత్రం ఈనాటికీ కూలీల పేరే. తర్వాత మిల్లుల కాలంలో తెలంగాణ నుంచి పద్మశాలీలు, మున్నూరు కాపులు వచ్చి నగరంలోని చాళ్లలో చేరారు.

ఇలా పూడ్చిన తీరానికైనా, మరే తీరానికైనా వాతావరణ మార్పు వల్ల ఎంత ముప్పుందో కొలిచే పద్ధతులు గత 30, 40 ఏళ్లలో రూపుదిద్దుకున్నాయి. వాటిలో మన దేశానికి బాగా తెలిసినది హైదరాబాద్‌లో తయారైంది. అక్కడి జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనే సంస్థ, 2012లో దేశ తీరమంతటికీ పటాల సంపుటి తెచ్చింది. తీరాన్ని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు ఏడు విషయాలు చూశారు: ఒడ్డు ఏటా ఎంత కోతపడుతోంది, సముద్రమట్టం ఎంత పెరుగుతోంది, నేల ఎంత ఎత్తున ఉంది, ఎంత వాలుగా ఉంది, ఒడ్డు రాయా ఇసుకా బురదా, అలల ఎత్తెంత, పోటుకూ పాటుకూ తేడా ఎంత. ఒక్కోదానికి మార్కులు వేసి, వాటిని కలిపి ఒకే సూచీగా మార్చారు. పటం మీద ముప్పు ఎక్కువున్న చోట్లు రంగుల్లో తేలతాయి.

చదునైన డెల్టాల విషయంలో ఈ పద్ధతి చాలా చెబుతుంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం 2008లో ఇలాంటి సూచీతోనే ఆంధ్ర తీరాన్ని కొలిచింది. 1,030 కిలోమీటర్ల తీరంలో 43 శాతం అత్యధిక ముప్పులో, 35 శాతం అధిక ముప్పులో ఉన్నట్టు తేలింది. సముద్రం 59 సెంటీమీటర్లు పెరిగితే పోటు నీళ్లు చేరే కొత్త మేరలో 282 గ్రామాలుంటాయని, 2001 జనాభా లెక్కల ప్రకారం సుమారు 12 లక్షల 90 వేల మంది అక్కడ ఉన్నారని ఆ పరిశోధన చెప్పింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గుర్తున్నవాళ్లకు ఈ అంకెల అర్థం వేరే చెప్పనక్కర్లేదు.

డెల్టాలో సముద్రం పెరగడం సగం కథే. మిగతా సగం నేల కుంగడం. నది ఏటా తెచ్చి పరిచే ఒండ్రు డెల్టాను నిలబెడుతుంది. ఆనకట్టలు దాన్ని పైనే ఆపేస్తాయి. ప్రపంచంలోని 33 డెల్టాలపై జేమ్స్ సివిట్‌స్కీ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కృష్ణలో ఒండ్రు 94 శాతం, గోదావరిలో 40 శాతం తగ్గిపోయింది. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లనూ రోడ్డునూ కోసుకుపోవడం చూసినవాళ్లకు తీరం స్థిరమైన గీత కాదని తెలుసు.

ముంబైలో ఒండ్రు తెచ్చే పెద్ద నది లేదు. కానీ పూడ్చిన నేల అక్కడా కుంగుతోంది. ఉపగ్రహ రాడార్ చిత్రాలతో ఐఐటీ బొంబాయి పరిశోధకులు కొలిచినప్పుడు నగరం సగటున ఏటా 2 మిల్లీమీటర్ల చొప్పున దిగుతోందని, ఎక్కువగా కుంగుతున్న చోట్లలో కామాటిపురా పక్కనే ఉన్న బైకుల్లా కూడా ఉందని తేలింది. బెంగళూరులోని సీస్టెప్ సంస్థ 2024లో 15 తీర నగరాలు, పట్టణాలను పరిశీలించింది. 1987 నుంచి 2021 దాకా సముద్రమట్టం అన్నిటికంటే ఎక్కువ పెరిగింది ముంబైలోనే, 4.44 సెంటీమీటర్లు. 2040 నాటికి 10 శాతానికి మించి నేల మునిగే ప్రమాదమున్నవి మూడు ఊళ్లు: ముంబై, తూత్తుకుడి, యానాం. కోటిమందికి పైగా ఉన్న మహానగరం పక్కన గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన చిన్న యానాం పేరు!

అయితే ఒడ్డును కొలిచే సూచీకి గల్లీ కనిపించదు. కామాటిపురాకు అల తగలదు, ఒడ్డు కోసుకుపోదు. అక్కడి ముప్పు భూమి కింద, గొట్టాల్లో ఉంది.

ముంబై వాన నీటి కాల్వల పాత వ్యవస్థను గంటకు 25 మిల్లీమీటర్ల వానకు సరిపడేలా కట్టారు. ఆ నీళ్లు చివరికి 186 ముఖద్వారాల గుండా బయటికి పోవాలి. వాటిలో 45 సగటు సముద్రమట్టానికి కిందే ఉన్నాయి. మరో 135 పోటు మట్టానికి కింద ఉన్నాయి. పోటు వేళ కూడా నీటికి పైన ఉండేవి ఆరంటే ఆరు. తలుపుల్లేని గొట్టంలోకి పోటు ఎదురెక్కుతుంది; వాన నీరు పోయే దారిలేక వెనక్కి తిరిగి, అతి పల్లంలో ఉన్న మూతను వెతుక్కుంటుంది. సముద్రం ఒక్క అంగుళం పెరిగినా ఆ ముఖద్వారాలు మూసుకుపోయే గంటలు పెరుగుతాయి. అల ఒక్కటీ ఒడ్డు దాటకుండానే సముద్రం ఇంట్లోకి వచ్చే దారి ఇది.

2005 జూలై 26న శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు దక్షిణాన కొలాబాలో పడింది సుమారు 73 మాత్రమే. దక్షిణ ముంబైకి ముప్పు తక్కువనే నమ్మకం అక్కడితో బలపడింది. 2020 ఆగస్టు 5న అది చెదిరింది. కొలాబాలో 331.8 మిల్లీమీటర్ల వాన, గంటకు 106 కిలోమీటర్ల గాలి. గిర్‌గావ్ చౌపాటీ నీళ్లలో మునిగింది, మస్జిద్‌ బందర్, బైకుల్లాల మధ్య లోకల్ రైళ్లు ఆగిపోయాయి. కామాటిపురా జనం జ్వరం వచ్చినా కాన్పు వచ్చినా పరుగెత్తే జేజే ఆసుపత్రిలోకే నీళ్లొచ్చాయి.

వరదలు ముంచినచోట నగరం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2005 తర్వాత హాజీ అలీ, ఇర్లా, లవ్ గ్రోవ్, క్లీవ్‌లాండ్ బందర్, బ్రిటానియా, గజ్‌దర్‌బంద్‌ల దగ్గర పంపింగ్ స్టేషన్లు వచ్చాయి. పాటు వేళ తలుపు తెరిచి నీటిని దానంతటది పోనిస్తారు. పోటు వేళ తలుపు దించి పంపులతో ఎత్తిపోస్తారు. ఎప్పుడూ మునిగే హింద్‌మాతా దగ్గర 2021 నుంచి భూగర్భ ట్యాంకులు కట్టారు. పోటు తగ్గేదాకా వాన నీరు వాటిలో ఆగుతుంది. ఈ ఖర్చు వృథా కాదని చెప్పే లెక్క కూడా ఉంది. ముంబై వరదలపై నికోలా రేంజర్ బృందం చేసిన అధ్యయనం ప్రకారం, ఈ శతాబ్దం 80వ దశకానికి 2005 లాంటి వాన వచ్చే అవకాశం రెట్టింపును మించవచ్చు. కాల్వలు బాగుచేస్తే, వందేళ్లకోసారి వచ్చే వరద తెచ్చే నష్టాన్ని 70 శాతం దాకా తగ్గించవచ్చు.

ఈ నష్టం ఎవరికెంత అన్న దగ్గరే ముప్పు మదింపులో రెండో భాగం మొదలవుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2007 నివేదిక మూడు ప్రశ్నలు వేసుకోమంది: ముప్పు ఎవరిదాకా వస్తుంది, వస్తే ఎంత దెబ్బ తగులుతుంది, కోలుకునే శక్తి ఎంతుంది. ఒకే జ్వరం తిండి సరిగా లేని మనిషిని పడగొట్టినట్టు, ఒకే అడుగు నీళ్లు ఒకే చాల్‌లో పై అంతస్తును ఇబ్బంది పెట్టి కింది అంతస్తును కుంగదీస్తాయి. అద్దెకుండేవాడికి గడప ఎత్తుచేసుకునే హక్కు లేదు. పగిడీ (పాత పద్ధతి అద్దె హక్కు) కాగితం తాత పేరున మిగిలిపోతే పరిహారం జాబితాలో పేరుండదు. కామాటిపురా గల్లీల్లో బతుకుతున్న సెక్స్ వర్కర్లకు చాలామందికి చిరునామా రుజువే లేదు. మురికి నీళ్లలో నడిచినందుకు 2005 వరద తర్వాత లెప్టోస్పైరోసిస్ నగరంలో ఎందరినో ఆసుపత్రుల పాలుచేసింది. ఇవేవీ ఉపగ్రహానికి కనిపించవు. గల్లీ గల్లీ తిరిగి, తలుపు కొట్టి అడిగితేనే తెలుస్తాయి.

2022 మార్చిలో విడుదలైన ముంబై వాతావరణ కార్యాచరణ ప్రణాళిక వరద ముప్పును పేదరికంతో, నివాస పరిస్థితులతో కలిపి చూసే ప్రయత్నం చేసింది. అది మంచి మొదలు. వార్డుతో ఆగిపోతే మాత్రం సరిపోదు. ఒకే వార్డులో కొండ మీది బంగళా, పల్లంలోని చాల్ రెండూ ఉంటాయి.

ఈ మాటలకు ఇప్పుడు తొందర ఉంది. కామాటిపురాలో సుమారు 34 ఎకరాల పాత కట్టడాలను కూల్చి కొత్తగా కట్టే పని మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేపట్టింది. కొత్త టవర్ల అరుగు ఎత్తు పెరిగిన కొద్దీ, ఇంకా కూలని పక్క చాళ్లు పల్లమవుతాయి; టవరు వాకిట్లోంచి జారిన నీళ్లు వాటిలోకే చేరతాయి. కాంక్రీటు పరిచిన 34 ఎకరాల మీద పడే వానను పోటు తగ్గేదాకా ఆపి ఉంచే ట్యాంకు ప్లానులో ఉందా, దాని పరిమాణాన్ని పాత 25 మిల్లీమీటర్ల లెక్కన కట్టారా లేక 2020 ఆగస్టు లెక్కన కట్టారా, మీటర్ల గది ఏ అంతస్తులో ఉంది, పని సాగే ఏళ్లలో పక్క గల్లీల గటర్లను ఎవరు చూస్తారు: పునర్నిర్మాణ ఒప్పందాలపై సంతకాలు పెట్టేలోపు అద్దెదారుల సంఘాలు రాతపూర్వకంగా జవాబు రాబట్టాల్సిన ప్రశ్నలివి.