ఇంటికి వచ్చిన చర్చి దీపములు

ఇంగ్లండునందును అమెరికాయందును ఆరాధకుల సంఖ్య క్షీణించుటచేతను, భవనముల మరమ్మతుల భారము పెరుగుటచేతను, మూతపడుచున్న చర్చిలు నానాటికి అధికమగుచున్నవి. 2004వ సంవత్సరమున బోస్టను కాథలిక్ అగ్రపీఠమువారు పదులకొలది విచారణలను, అనగా స్థానిక చర్చి సంఘములను, మూసివేయుటకు నిర్ణయించిరి. అట్లు మూతపడిన మందిరములనుండి బల్లలు, గంటలు, రంగుటద్దముల కిటికీలతోపాటు దీపములును పాతసామానుల వర్తకులను చేరి, అచ్చటినుండి గృహస్థుల యిండ్లకు వచ్చుచున్నవి. లండనులోని షోర్‌డిచ్ పేటలో లాస్కో అను సంస్థ మూతపడిన యొక చర్చిలోనే ఈ వ్యాపారము నడపినది.

కొనదలచినవారు ముందుగా గమనింపవలసినది పరిమాణము. ముప్పది నలువది అడుగుల యెత్తున నున్న కప్పునుండి దీర్ఘమైన గొలుసులపై దిగి, క్రింద కూర్చున్న వందలమందికి ప్రార్థనాపుస్తకములోని యక్షరములు కనబడునట్లు చేయుటకై నిర్మింపబడిన యా వస్తువు, దూరమునుండి చూచువారి కన్నులకు తగిన పెద్ద యలంకారములతో నుండుటవలన, పదియడుగుల గదిలోనికి వచ్చినంతనే ధ్వజస్తంభమును నడవలో పాతినట్లు తోచును. గది పొడవు వెడల్పులను అడుగులలో కూడగా వచ్చు సంఖ్య యెంతయో, దీపపు వ్యాసము అన్ని యంగుళములుండవలెనని అమెరికాలోని గృహాలంకారులు లెక్క చెప్పుదురు. పండ్రెండు పదునాలుగడుగుల గదికి ఇరువదియా రంగుళముల దీపము చాలునన్నమాట. అంగడిలో కంటికి నచ్చిన దీపము సాధారణముగా దీనికి రెట్టింపుండును.

దీపపు వయస్సును నిర్ణయించుటకు వర్తకుని మాటకంటె, ఏ యింధనమునకై అది చేయబడెనో పరీక్షించుట మేలు. పదునేడవ శతాబ్దమున హాలెండు పోతపనివారు ప్రసిద్ధికి తెచ్చిన ఇత్తడి షాండిలియరునకు నడుమ నున్నని పెద్ద గోళము, చుట్టును వంపులు తిరిగిన కొమ్మలు, కొమ్మల చివర కరగిన మైనము పట్టు పళ్లెములు ఉండును. మెరుగు పెట్టిన యా గోళము క్రొవ్వొత్తుల కాంతిని గది నలుమూలలకు ప్రతిఫలింపజేయును. పిమ్మట 1838 ప్రాంతమున పూజిన్ అను వాస్తుశిల్పి బర్మింగుహాము నగరవాసి జాన్ హార్డ్‌మన్‌తో చేరి మధ్యయుగపు లోహశిల్పమును పునరుద్ధరింపగా, కిరీటమువంటి వలయములును, మూడురేకుల నాలుగురేకుల నగిషీలును గల దీపములు వ్యాపించెను. గ్యాసు వచ్చిన తరువాత కొమ్మలు డొల్లగొట్టములైనవి. వాని ప్రక్కన గ్యాసును కట్టివేయు చిన్న మరలు వెలసినవి. మంట పైకి లేచునది కావున తొలినాళ్ళలో దీపపు మూతియు పైకే చూచెను. కరెంటు బల్బునకు ఆ నిర్బంధము లేదు, తలక్రిందుగానైనను వెలుగును. 1900 ప్రాంతమున అమెరికాలో తయారైన కొన్ని దీపములయందు పైకి చూచు గ్యాసుకొమ్మలును, క్రిందికి చూచు కరెంటుకొమ్మలును ఒకే కాడకు అమరియున్నవి. క్రొత్త కరెంటు ఎప్పుడాగిపోవునో యను శంక ఆ కాలపువారిని అంతగా పీడించెను! నాకు మిక్కిలి ప్రియమైనవి యివియే. క్రొవ్వొత్తికొమ్మకు తీగ దూర్చుటకై తరువాతివారు తొలిచిన రంధ్రము కనబడినచో దానిని దోషమనరాదు గాని, మార్పు చెందని దీపపు వెలను దానికి అడుగుట అన్యాయము.

ఇత్తడి యన్నదానికి అయస్కాంతము తాకించి చూడవలెను. అతుకుకొనినచో అది పూత పూసిన యినుము. నిజమైన యిత్తడియే యైనచో మరియొక యపాయము కలదు. ఇత్తడి కంటబడినంతనే చింతపండు వెదకుట మనవారి యలవాటు. నూరేండ్ల కాలము ఆ లోహముపై పరచిన గోధుమవన్నె పొరను ఒక్క పూటలో తోమివేసినవారు, దానితోపాటు వెలలో కొంతభాగమును తూములో పోసికొందురు. మెత్తని పొడిబట్ట చాలును.

పాత తీగలను మాత్రము నమ్మరాదు. నూలు చుట్టిన రబ్బరుతొడుగు ఏండ్లు గడచినకొలది పెళుసై, వంచినంతనే పొడియై రాలును. కావున దీపమును విడదీయించి, ఎర్తుతో సహా క్రొత్త తీగలు వేయించినగాని కప్పుకు ఎక్కింపరాదు. మూడువందల వాట్ల బల్బులకై చేసిన పెద్ద హోల్డర్లలో ఇంటి బల్బులు పట్టవు, వానిని మార్పించుకొనవలసియుండును. బరువు మరియొక చిక్కు. అమెరికా నియమము ననుసరించి కప్పులోని సాధారణపు విద్యుత్పెట్టె యేబది పౌండ్ల వరకే మోయును. అంతకు మించినదానిని దూలమునకు వేరుగా బిగింపవలెను.

కాథలిక్ చర్చిలలో దివ్యసత్ప్రసాదపు మందసము చెంత అహోరాత్రము వెలుగు ఎఱ్ఱగాజు దీపములు సైతము అమ్మకమునకు వచ్చుచున్నవి. వానిని మద్యపానపు గదులలో వ్రేలాడదీయువారిని చూచినప్పుడు, చట్టమునకు లేని యభ్యంతరము నా మనస్సునకు కలుగును.

చట్టమునకును కొన్ని యభ్యంతరములు లేకపోలేదు. ఇంగ్లండు సంఘమునకు చెందిన చర్చిలో నుండి దీపమును తీసి యమ్ముటకు ఫాకల్టీ అను ప్రత్యేకానుమతి పత్రము వలయును. ఫ్రాన్సులో 1905వ సంవత్సరపు శాసనము తరువాత పాత చర్చిలును వానిలోని సామగ్రియు చాలవరకు గ్రామ పురపాలక సంఘముల సొత్తు. అట్టి వస్తువు సంతలో చౌకగా దొరకినదన్నచో అది దొంగసొత్తు కావచ్చును. ఏ దేశమున కొనినను, దీపము ఏ చర్చినుండి యెప్పుడు తొలగింపబడెనో రసీదునందు వ్రాయించుకొనవలెను. వ్రాయుటకు సంకోచించు వర్తకుని కొట్టు దిగి వచ్చుటయే యుత్తమము.