ఒక దోమ – రెండు రకాల రాతలు

శంషాబాద్ విమానాశ్రయాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అది 2008 మార్చిలో మొదలైంది. అంతకు ముందు హైదరాబాదుకు వచ్చే విమానాలు బేగంపేటలో దిగేవి. ఆ పాత విమానాశ్రయం దగ్గరే ఒక పాతకాలపు భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడ ఒక దోమ పొట్టను కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథ మీకు తెలిసిందే. అయితే ఈ సంగతిని శాస్త్రజ్ఞుడు ఒక తీరున రాస్తాడు, చరిత్రకారుడు మరో తీరున రాస్తాడు. ఎందుకని?

ముందు రాస్ వ్యాసాన్ని చూద్దాం. అది 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. దాని పేరుకు తెలుగులో అర్థం ఇది: మలేరియా రక్తం తాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని విచిత్రమైన రంగు కణాల గురించి. గమనించారా? మలేరియా రహస్యం తేలిపోయిందని ఆయన చాటలేదు. చూసినవి రెండు దోమలు, కనుక రెండు అనే అన్నాడు. కణాల సంగతి పూర్తిగా రుజువు కాలేదు, కనుక విచిత్రమైనవి అని ఊరుకున్నాడు. ఆ సందర్భంలోనే ఆయన ఒక పద్యం కూడా రాశాడు. అందులో ఈ జాగ్రత్త లేదు, విజయోత్సాహం ఉంది!

శాస్త్ర వ్యాసం చదివినవారు అదే పనిని తాము తిరిగి చేసి చూడగలగాలి. అందుకే ఏ రకం దోమ, ఎవరి రక్తం తాగింది, ఎన్నో రోజున కోశారు అనే వివరాలు అందులో ముఖ్యం. నేటి వ్యాసాలలో ఉద్దేశం, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే భాగాలు వరుసగా ఉండేది ఇందుకే. చెమటకు తన సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయని రాస్ 1923లో అచ్చయిన తన ఆత్మకథలో చెప్పాడు. ప్రయోగాన్ని తిరిగి చేసేవారికి ఆ తుప్పుతో పని లేదు.

చరిత్రకారుడికి మాత్రం పని ఉంది! 1897 ఆగస్టును ఎవరూ తిరిగి తేలేరు. మిగిలినవి ఉత్తరాలు, డైరీలు, పాత పుస్తకాలు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకొని కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి ఈ విజయంలో ఎంత భాగం? లండను నుంచి ఉత్తరాలతో దారి చూపిన పాట్రిక్ మాన్సన్‌కు ఎంత? ఇలాంటి ప్రశ్నలకు కొలబద్ద లేదు. ఉత్తరంలోని మాటలను ఉన్నవున్నట్లు చూపి, అర్థం చెప్పి, వాదించాలి. ఆ ఉత్తరం ఎక్కడ దొరుకుతుందో పేజీ అడుగున రాయాలి. అప్పుడు మరొకరు దాన్నే చదివి, కాదు, దీని అర్థం వేరు అనవచ్చు. 1998లో బైనమ్, ఓవరీ అనే చరిత్రకారులు రాస్, మాన్సన్‌ల ఉత్తరాలను పుస్తకంగా అచ్చువేశారు. ఇప్పుడు ఎవరైనా వాటిని సరిచూసుకోవచ్చు.

చరిత్ర, సాహిత్యం వంటి మానవీయ శాస్త్రాల రాత అందుకే పొడవుగా, వాదనతో సాగుతుంది. అంతమాత్రాన అది తక్కువది కాదు. నియమం రెండింటికీ ఒకటే: చెప్పిన మాటకు ఆధారం చూపాలి. ఒక దాని దారి ప్రయోగశాలకు, మరొక దాని దారి గ్రంథాలయానికి. అంతే తేడా.

మీరూ ప్రయత్నించండి. శంషాబాద్ దగ్గరలోనే హిమాయత్‌సాగర్ ఉంది. 1908 నాటి మూసీ వరద తరువాత వేసిన పథకంలో భాగంగా కట్టిన జలాశయం అది. అలాగే మీ ఊరి చెరువును తీసుకోండి. గట్టు మీది నుంచి చూస్తూ నీటిమట్టాన్ని నెలరోజులు గుర్తించి ఒక పేజీ రాయండి. పెద్దలను అడిగి, పాత కాగితాలు వెతికి, ఆ చెరువు కథ మరో పేజీ రాయండి. రెండింటినీ మీ స్నేహితుడికి ఇవ్వండి. మొదటి దాన్ని చదివి అతడు మీలాగే కొలవగలడా? రెండవ దానిలోని ప్రతి మాట ఎక్కడిదో పట్టుకోగలడా? అతడు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీరు రాయవలసింది ఇంకా మిగిలి ఉందన్నమాట!